పాత పందేల లెక్క తేల్చాకే కొత్త గుర్రం: మలక్‌పేట గుర్రప్పందేలకి పోయే కర్నూలోళ్ల కోసం

కొత్త రేస్ కార్డు (ఆ రోజు రేసులు, వాటిలో పరిగెత్తే గుర్రాల జాబితా) చేతికి రాగానే దాన్ని మడిచి పక్కన పెట్టండి. పోయిన నాలుగైదు వారాల్లో వేసిన పందేల లెక్క తేలేదాకా తెరవొద్దు. మనలో ఎక్కువమందిమి సరిగ్గా దీనికి తిరగేసి చేస్తాం. ఆదివారం సాయంత్రం ఎంజీబీఎస్‌లో కర్నూలు బస్సెక్కి, జడ్చర్ల దాటేలోపే పోయిన డబ్బు సంగతి మరిచిపోయి, వచ్చే వారం ఏ గుర్రం అని మాట మొదలుపెడతాం. నేనూ చాలా ఏళ్లు అలాగే గడిపాను. ఒక నోట్‌బుక్ పెట్టుకుని ప్రతి పందెం రాసి, నెలకోసారి కూర్చుని చూడటం మొదలుపెట్టాక ఆట వేరేగా కనిపించింది. ఆ పద్ధతి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక విషయం గట్టిగా చెప్పాలి. నేను రాసేదంతా రేస్ కోర్సుకి పోయి, లైసెన్సు ఉన్న బుకీ (పందేలు తీసుకునేవాడు) దగ్గరో, క్లబ్ వాళ్ల టోట్ కౌంటర్‌లోనో వేసే పందెం గురించి. గుర్రప్పందెం నైపుణ్యం ఉన్న ఆట అని సుప్రీంకోర్టు 1996లో చెప్పిన మాట నిజమే, కానీ దాన్ని పట్టుకుని ఊర్లో ఫోన్ మీద పందెం తీసుకునేవాడి దగ్గర, యాప్‌లో ఆడితే చెల్లదు. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ పందేలని 2020లోనే గేమింగ్ చట్టం సవరించి నిషేధించారు, 2025లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద కేంద్రం కూడా చట్టం తెచ్చింది. చట్టం ఒక్కటే కాదు, ఫోన్‌లో అప్పు మీద ఆడిన పందేనికి అడ్డూ ఆపూ ఉండదు. హైదరాబాద్ మలక్‌పేట రేస్ కోర్సుకి పోవాలంటే పొద్దున్నే లేచి రెండొందల కిలోమీటర్లు ప్రయాణం చేయాలి, జేబులో ఉన్నంతే ఆడాలి. ఆ దూరమే మనల్ని కాపాడుతుంది.

నోట్‌బుక్‌లో ఏం రాయాలి

తేదీ, రేసు నంబరు, దూరం, క్లాసు (రేటింగ్ బట్టి గుర్రాల తరగతి), గుర్రం, మోసిన బరువు, జాకీ, మీకు దొరికిన ధర (గెలిస్తే రూపాయికి ఎంత ఇస్తారన్నది), కట్టిన మొత్తం, వచ్చిన మొత్తం. ఇవి అందరూ రాస్తారు. రాయనిది ఒకటుంది, ఈ గుర్రం మీద ఎందుకు వేశాను అనేది. అది పందేనికి ముందే, కనీసం ఒక వాక్యం రాయాలి. రేసు అయిపోయాక రాస్తే మనసు మనకు అనుకూలంగా మార్చేస్తుంది, గెలిస్తే ముందే తెలుసంటాం, ఓడితే ఎవడో చెప్పాడు కాబట్టి వేశానంటాం. పందెం టికెట్ తీసుకునే ముందు ఆ ఒక్క వాక్యం రాయలేకపోతున్నానంటే నాకు కారణం లేదన్నమాట, అప్పుడు కౌంటర్ దాకా పోనవసరం లేదు.

కట్టిన మొత్తం అంటే పన్నుతో కలిపి. ఇక్కడే చాలామంది లెక్క తప్పుతుంది. 2023 అక్టోబర్ నుంచి గుర్రప్పందెం పూర్తి విలువ మీద 28 శాతం జీఎస్టీ ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 40 శాతం అయింది. అంటే 1000 రూపాయల పందేనికి పన్నే 400, మొత్తం 1400. మనవాళ్లు మాత్రం నోట్‌బుక్‌లో 1000 అనే రాసుకుంటారు.

నా లెక్కే చెప్తాను. ఒక నెలలో 31 పందేలు, ఒక్కోటి 200 రూపాయలు, మొత్తం 6200. తిరిగి వచ్చింది 6900. ఏడొందలు లాభం అనుకుని ఆ రోజు ఇంటికి స్వీట్లు కూడా పట్టుకుపోయాను. తర్వాత తీరిగ్గా కూర్చుని పన్ను 2480 కలిపి చూస్తే నా చేతి నుంచి పోయింది 8680. అంటే లాభం కాదు, 1780 నష్టం. పుస్తకం పెట్టకపోయుంటే, పన్ను కలపకపోయుంటే, నేను గెలుస్తున్నానన్న నమ్మకంతోనే మరో రెండేళ్లు ఆడేవాడిని.

ఆదాయపు పన్ను సంగతి కూడా గుర్తుంచుకోండి. గెలిచిన సొమ్ము పదివేలు దాటితే 30 శాతం టీడీఎస్ కోసే ఇస్తారు. ఓడిన పందేల నష్టాన్ని గెలిచిన దాంట్లోంచి తీసేసి చూపించుకునే వీలు లేదు. జాక్‌పాట్ కొట్టినవాడి చేతికి వచ్చేది బోర్డు మీద కనిపించినంత కాదు.

గెలుపోటములతో కాదు, కారణంతో విడగొట్టండి

ఇప్పుడు అసలు సమీక్ష. ఆ 31 పందేల్ని నేను మూడు కుప్పలు చేశాను. నేనే చదివి, చూసి, ఆలోచించి వేసినవి 14. ఎవరో చెప్పారని వేసినవి 9. పోయిన డబ్బు రాబట్టుకోవాలని చివరి రెండు మూడు రేసుల్లో వేసినవి 8. మొదటి కుప్పలో పన్నుతో కలిపి 3920 కట్టాను, 4300 వచ్చింది, 380 మిగిలింది. రెండో కుప్పలో 2520 కట్టి 1600 తెచ్చుకున్నాను. మూడో కుప్పలో 2240 కట్టి 1000. ఆ నెల నష్టమంతా రెండు, మూడు కుప్పల్లోనే ఉంది. 14 పందేల మీద 380 మిగలడం గొప్పేమీ కాదు, ఒక్క ఫోటో ఫినిష్ అటూ ఇటూ అయితే అదీ ఉండదు. కానీ ఎక్కడ కోత పెట్టాలో మాత్రం తెలిసింది. మీరు కూడా మీ పందేల్ని ఇలా విడగొట్టి చూడండి, మొత్తం అంకె చూస్తే ఏమీ తెలియదు.

గెలిచిన పందెం మంచి పందెం అనుకోవద్దు, ఓడింది చెడ్డదనీ అనుకోవద్దు. నా పుస్తకంలో అన్నిటికన్నా చెడ్డ పందెం ఒక గెలిచిన పందెమే. ఎవరో ప్యాంట్రీ దగ్గర చెవిలో చెప్పిన అవుట్‌సైడర్ (గెలుస్తుందని ఎవరూ అనుకోని గుర్రం) మీద వేస్తే, ముందున్న రెండు గుర్రాలు ఒకదాన్నొకటి అలవగొట్టుకుని చివర్లో ఆగిపోవడం వల్ల అది గెలిచింది. ఆ ఒక్క గెలుపు నన్ను తర్వాత ఆరు వారాలు చెవిలో చెప్పేవాళ్ల చుట్టూ తిప్పింది. మన తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో తొలకరికి ఒకరికి వజ్రం దొరికిందంటే ఊళ్లకు ఊళ్లే కూలి పనులు మానుకుని వచ్చి వెతుకుతాయి కదా, అదే మనసు ఇది. దొరికినవాడి కథ వినిపిస్తుంది, దొరకనివాళ్ల కూలి లెక్క ఎవరూ చెప్పరు.

రేసు మళ్లీ చూడటం

ఓడిన ప్రతి పందేనికి వీడియో మళ్లీ చూడండి, కనీసం రెండుసార్లు. మొదటిసారి మీ గుర్రాన్నే చూడండి. గేటు నుంచి సరిగ్గా బయటపడిందా, మలుపులో బయటివైపు తిరిగిందా (మూడు నాలుగు గుర్రాల అవతలి నుంచి మలుపు తిరిగితే అది పరిగెత్తే దూరం బాగా పెరుగుతుంది), చివరి 400 మీటర్లలో దారి దొరికిందా, జాకీ పూర్తిగా తోలాడా లేక ఇక రాదని వదిలేశాడా. రెండోసారి మిగతా గుర్రాల్ని చూడండి, ముఖ్యంగా మూడు, నాలుగు, అయిదు స్థానాల్లో వచ్చినవాటిని. వచ్చే నెల మీ డబ్బు అక్కడే ఉంటుంది. మొదట వచ్చిన గుర్రాన్ని అందరూ చూశారు, దాని ధర ఇక దొరకదు. ఆ తర్వాత స్టీవార్డుల (రేసుల్ని పర్యవేక్షించే అధికారులు) రిపోర్టు చదవండి. ఏ గుర్రం ఆలస్యంగా బయలుదేరింది, దేనికి అడ్డు తగిలింది, ఏ గుర్రం ఓటమికి ట్రైనర్‌ని వివరణ అడిగారు, అన్నీ అందులో ఉంటాయి, ఉచితంగా. టిప్పుల కోసం వందలు ఖర్చుపెట్టేవాళ్లు ఈ రిపోర్టు ఒక్కసారి కూడా చదవకపోవడం నాకు చాలా బాధగా అనిపిస్తుంది.

ఇలా చూశాక ఓటమి పక్కన ఒక మాట రాయండి. దురదృష్టమా, నా అంచనా తప్పా, ధర తక్కువా. దురదృష్టం అని పదిలో ఏడుసార్లు రాస్తున్నారంటే మళ్లీ మొదటి నుంచి చూడండి, మీరు మీతో నిజం చెప్పుకోవడం లేదు.

బరువు, క్లాసు

ఇది మన రాయలసీమవాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు, బండలాగుడు పోటీలు చూసినవాళ్లం. పాలపళ్ల విభాగంలో అందరినీ కొట్టేసిన జత రెండుపళ్లకు రాగానే బండ బరువూ పెరుగుతుంది, ఎదుటి జతలూ గట్టివవుతాయి. గుర్రాల్లో ఆ పని పళ్లతో కాదు, రేటింగ్‌తో జరుగుతుంది. గెలిచిన గుర్రానికి హ్యాండీక్యాపర్ (రేటింగ్ వేసే అధికారి) రేటింగ్ పెంచుతాడు, ఓడుతూ ఉంటే తగ్గిస్తాడు. హ్యాండీక్యాప్ రేసులో, అంటే రేటింగ్ బట్టి బరువు మోయించే రేసులో, రెండు పాయింట్ల తేడా అంటే ఒక కిలో. అందుకే పోయినసారి 54 కిలోలతో గెలిచిన గుర్రం ఈసారి అదే క్లాసులో 58 మోస్తుంటే అది అదే గుర్రం కాదు, అలాగే వేరే గుర్రం కూడా కాదు, నాలుగు కిలోల విలువ లెక్కేసి చూడాలి. పొట్టి రేసుల్లో ఒక లెంగ్త్‌ (గుర్రం పొడవంత) తేడాకి సుమారు కిలోన్నర, మైలు దగ్గరకొచ్చేసరికి కిలో దాకా అని వాడుకలో ఒక లెక్క ఉంది. అదేమీ శాస్త్రం కాదు, కానీ ఆరు లెంగ్త్‌లతో హాయిగా గెలిచినదానికి, మెడ తేడాతో గెలిచినదానికి ఒకే నాలుగు కిలోలు పెరిగితే ఎవరికి భారమో ఆ లెక్కతో తేలుతుంది.

పై క్లాసులో అడుగున ఉండి, రేటింగ్ తగ్గి కింది క్లాసులోకి దిగిన గుర్రం పేపర్ మీద పెద్ద బరువుతో కనిపిస్తుంది. చాలామంది 60 కిలోలు చూసి వదిలేస్తారు. దిగిన క్లాసులో ఎదుటివాళ్లు ఎవరో చూడకుండా బరువొక్కటే చూడటం పొరపాటు. దాని మీద అప్రెంటిస్ (ఇంకా నేర్చుకుంటున్న) జాకీని పెట్టి బరువు రాయితీ తీసుకున్నారా అన్నది కూడా చూడండి.

వానాకాలం సీజన్‌లో నేల సంగతి తప్పకుండా రాసుకోవాలి. నేల మెత్తదనం కొలిచే పెనెట్రోమీటర్ రీడింగ్ పెరిగితే నేల మెత్తబడినట్టు. గట్టి నేల మీద ముందుండి పరిగెత్తి గెలిచిన గుర్రం, రాత్రంతా వాన పడ్డాక చివరి 200 మీటర్లలో కాళ్లు ఈడుస్తుంది. పూణె, బెంగళూరు నుంచి వచ్చి ఇక్కడ పరిగెత్తే గుర్రాలకు అక్కడి ఫలితాన్ని అలాగే దింపుకోవద్దు, ట్రాక్ వేరు, మలుపులు వేరు, ఎదుటి గుర్రాలు వేరు.

కాచుకునే జాబితా

ఇక ముందుకు. వీడియోలు, రిపోర్టులు చూశాక మీ దగ్గర అయిదారు గుర్రాల పేర్లు మిగులుతాయి. వాటిని ఊరికే పేర్లుగా రాయొద్దు, షరతులతో రాయండి. నా పుస్తకంలో ఒకటి ఇలా ఉంటుంది: మూడేళ్ల ఫిల్లీ (ఆడ గుర్రం), 1200 మీటర్లలో నాలుగోది, మలుపులో బయట తిరిగింది, చివరి 200లో అందరికంటే బాగా వచ్చింది, 1400 లేదా 1600లో వేస్తే, బరువు 56కి మించకపోతే, ధర నాలుగుకి ఒకటి (రూపాయి వేస్తే నాలుగు గెలుపు) పైన ఉంటే వేయాలి. కార్డు రాకముందే ఇది రాస్తే, కార్డు వచ్చాక నా పని సరిచూసుకోవడమే. షరతు కుదరలేదా, ఆ పేరు ఎంత ముద్దొచ్చినా ఆ రోజుకి వదిలేయాలి. మూడేళ్ల గుర్రాలు వానాకాలం నుంచి చలికాలానికి వచ్చేసరికి బాగా ఎదుగుతాయి, జూలైలో 1200 అలవాటైన పిల్ల గుర్రం డిసెంబర్ నాటికి 1600 అవలీలగా పరిగెత్తొచ్చు, అందుకే జాబితాలో పేర్లు ఒక నెలతో కొట్టేయొద్దు.

ఆ తర్వాతే ట్రాక్ వర్క్ చూడండి. పొద్దున కసరత్తులో 600 మీటర్లు ఎంతలో పరిగెత్తింది, సులువుగా వచ్చిందా, తోలితే వచ్చిందా అనేది టైమ్ కన్నా ముఖ్యం. పనివాడు ఎక్కితే ఒకలా, రేసు జాకీ ఎక్కితే ఒకలా ఉంటుంది. మాక్ రేసులో (ప్రాక్టీసు రేసు) గెలిచిందని ఎగబడొద్దు, అక్కడ చాలామంది గుర్రాన్ని పూర్తిగా అడగరు.

ధర దగ్గర కఠినంగా ఉండండి

ఈ భాగం నెమ్మదిగా చదవండి, పన్ను పెరిగాక ఆట మొత్తం ఇక్కడే తేలుతోంది. ధర ఒకటికి ఒకటి అనుకోండి. 1000 వేస్తే పన్నుతో 1400 కడతారు, గెలిస్తే 2000 వస్తుంది. మిగిలింది 600. అంటే ఆ గుర్రం పదిలో ఏడుసార్లు గెలిస్తేనే మీకు ఖర్చులు తిరిగొస్తాయి. రెండుకి ఒకటి ధర అయితే 1400కి 3000, వందలో సుమారు 47 సార్లు గెలవాలి. నాలుగుకి ఒకటి అయితే 1400కి 5000, వందలో 28 సార్లు చాలు. ఇక పది రూపాయలు వేస్తే నాలుగే గెలుపు ఇచ్చే గట్టి ఫేవరెట్ (అందరూ గెలుస్తుందనుకునే గుర్రం) సంగతి చూడండి. 1000 వేసి 1400 కట్టారు, గెలిస్తే వచ్చేది 1400. గుర్రం గెలిచింది, మీకు ఒక్క రూపాయి మిగల్లేదు. అంతకన్నా తక్కువ ధర అయితే గెలిచి కూడా నష్టపోతారు. ఇప్పటికీ మలక్‌పేటలో సేఫ్ అని చెప్పి అలాంటి ఫేవరెట్ల మీద పెద్ద మొత్తాలు వేసేవాళ్లను ప్రతి ఆదివారం చూస్తున్నాను, అన్నా ఆగు, ఒక్కసారి లెక్కెయ్ అని అడ్డుపడాలనిపిస్తుంది.

అందుకే గుర్రాన్ని ఎంచుకోవడం సగం పనే. ఈ గుర్రానికి వందలో ఎన్నిసార్లు గెలిచే అవకాశం ఉందని మీరే ఒక అంకె వేసుకోండి, తర్వాత ధర చూడండి, పన్ను కలిపాక కూడా మీ అంకె పైన ఉంటేనే వేయండి. ఇలా చూస్తే ఎనిమిది రేసుల్లో ఒకటి, రెండు మిగులుతాయి, కొన్నిసార్లు ఒక్కటీ మిగలదు. జాక్‌పాట్, టనాలా లాంటివి (ఒకటికన్నా ఎక్కువ గుర్రాల్ని సరిగ్గా చెబితేనే గెలిచే పందేలు) మొత్తం ఊహ మీద నడుస్తాయి, పది రూపాయలతో చేస్తే సరదా, నెల డబ్బు దాంట్లో పెట్టకండి.

పాడక్ దగ్గర

రేసుకి ముందు గుర్రాల్ని నడిపించి చూపించే ఆ చోట కనీసం పది నిమిషాలు నిలబడండి. కోడుమూరు వైపు నుంచి వచ్చే ఒక పెద్దాయన ఉన్నాడు, ఎద్దుల జతలు పెంచినవాడు, రేస్ కార్డు సరిగ్గా చదవలేడు. నాతో ఒకసారి అన్నాడు, "నడక చూడప్పా, పేరు చూడొద్దు." ఆయన చూసేవి నేనూ చూస్తాను. తల కిందికి పెట్టి, వెనక కాళ్లు ముందు కాళ్ల అడుగుల్ని దాటేలా బారుగా నడుస్తోందా, చర్మం మెరుస్తోందా, పొట్ట వేలాడుతోందా. మెడ మీద, తొడల మధ్య నురగ వచ్చేంత చెమట పడితే టెన్షన్‌లో సగం శక్తి అక్కడే పోయినట్టు, కానీ ఎండ ఎక్కువైన రోజు అన్ని గుర్రాలకీ చెమట ఉంటుంది కాబట్టి పక్కదానితో పోల్చి చూడాలి. ఒకే గుర్రాన్ని రెండు మూడు సార్లు పాడక్‌లో చూసి రాసుకుంటే, అది ఏ రోజు మామూలుగా లేదో మీకు తెలుస్తుంది. ఇది ఫోన్‌లో ఆడేవాడికి ఎప్పటికీ దొరకని సంగతి.

డబ్బు

నెలకి ఇంత అని ముందే తీసి కవర్లో పెట్టండి, అందులోనే పన్ను, బస్సు చార్జీ, మెట్రో టికెట్, తిండి అన్నీ. ఒక్కో పందెం ఆ కవర్లో ఇరవయ్యో వంతు దాటకూడదు. ఓడిన డబ్బు రాబట్టుకోవాలని తర్వాతి రేసులో పందెం వేయొద్దు, నా మూడో కుప్ప మొత్తం అలా వచ్చిందే. అప్పు తెచ్చి ఆడుతున్నా, ఇంట్లో బంగారం కుదువ పెట్టినా, ఈ పుస్తకం ఇంట్లోవాళ్లకు కనిపించకుండా దాచాల్సి వస్తున్నా, గుర్రాల గురించి నేను చెప్పేదేదీ మీకు అవసరం లేదు. టెలి మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయండి, ప్రభుత్వానిది, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. సిగ్గుపడొద్దు. మా స్నేహితుల్లో ఒకడు ఆలస్యంగా చేశాడు, ముందే చేసుంటే వాళ్ల ఉల్లి పొలం మిగిలేది.

పోయిన నెల లెక్క తేల్చాక ఈసారి నా జాబితాలో మూడు గుర్రాలున్నాయి. ఈ ఆదివారం కార్డు తెరిచి చూస్తే వాటిలో ఒక్కటే ఉంది, పైన చెప్పిన ఫిల్లీ. దూరం 1400, బరువు 55.5, జాకీ పోయినసారివాడే. రెండు షరతులు కుదిరాయి, మూడోది బోర్డు మీదే తెలుస్తుంది. ధర నాలుగుకి తగ్గితే వేయను, రెయిలింగ్ దగ్గర నిలబడి చూసి, ఎలా పరిగెత్తిందో రాసుకుని, సాయంత్రం బస్సెక్కుతాను.